ఫిబ్రవరి గాలివాన, నవంబరు గాలివాన

నేను మారిషస్‌లో పుట్టాను. తెలుగు సొంతంగా నేర్చుకుంటున్నాను. ఈసారి మన మాట గాలివాన.

మా నాన్నమ్మ తుఫాను అనదు, గాలివాన అంటుంది. 1960 ఫిబ్రవరి 28న కరోల్ తుఫాను వచ్చినప్పుడు ఆమె చిన్నపిల్ల. ఇంటి రేకులు ఎగిరిపోయాయట. ఇప్పటికీ ఫిబ్రవరిలో గాలి కొంచెం గట్టిగా వీస్తే ఆమెకు నిద్ర పట్టదు.

కానీ మా పూర్వీకుల తీరంలో భయపడే నెల నవంబరు. పాత రోజుల్లో మనవాళ్ళని ఇక్కడ కోరింగీలు అనేవారు. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న కోరంగి రేవు నుంచి వచ్చిన పేరు అది. ఆ కోరంగిని 1789 డిసెంబరులో, మళ్ళీ 1839 నవంబరులో ఉప్పెన ముంచింది. ఉప్పెన అంటే తుఫాను గాలి ఊళ్ళ మీదికి తోసే సముద్రపు నీరు. దివిసీమ ఉప్పెన కూడా 1977 నవంబరు 19న వచ్చింది.

ఈ నెలల తేడా ఎందుకు? సముద్రం వేడి వల్ల అనుకున్నాను. పెద్ద తుఫానులు పుట్టాలంటే సముద్రం పైనీరు సుమారు 26, 27 డిగ్రీలైనా ఉండాలని ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఎరిక్ పాల్మెన్ 1948లో చూపించాడు. వెచ్చని నీరు ఆవిరై పైకి వెళ్ళి మేఘంగా మారుతుంది. అప్పుడు వేడి బయటికి వస్తుంది. ఆ వేడే తుఫానుకు బలం. మారిషస్‌కు ఫిబ్రవరి వేసవికాలం. కాబట్టి ఇక్కడి లెక్క సరిపోయింది.

అయితే బంగాళాఖాతం జులైలో కూడా వెచ్చగానే ఉంటుంది. మరి అప్పుడు అంత పెద్ద తుఫానులు ఎందుకు అరుదు? అమెరికా శాస్త్రవేత్త విలియం గ్రే 1968లో రాసిన వ్యాసం చదివితే జవాబు దొరుకుతుంది. కింద గాలికీ చాలా ఎత్తులో వీచే గాలికీ తేడా ఎక్కువ ఉంటే తుఫాను బలపడదు. వానాకాలంలో కింద గాలి పడమర నుంచి, పైన గాలి తూర్పు నుంచి గట్టిగా వీస్తాయి. పోగైన వేడి ఒకచోట నిలవదు, తుఫాను ఒరిగిపోతుంది. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి ఆ గాలుల తేడా తగ్గుతుంది. నీరు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. అదే ప్రమాదం.

ఇది నాన్నమ్మకు చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "పొయ్యిలో నిప్పున్నా, అడ్డగాలి కొడితే కుండ కాగదు కదా!" అంది. నాకు మూడు రోజులు పట్టింది ఇది అర్థం చేసుకోవడానికి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు తుఫానును ఏమంటారు? ఏ నెలకు భయపడతారు? అడిగి నాకు రాయండి.