యాక్చువల్లీ

ఇంగ్లీషు క్రియావిశేషణం. తెలుగువారు దీన్ని ఎక్కువగా వాక్యానికి ముందు పెట్టి, ఎదుటివారి అంచనాను మర్యాదగా సవరించడానికి వాడుతున్నారు. లాటిన్‌లో చేతను, క్రియను తెలిపే 'ఆక్టస్' దీనికి మూలం. అదే మూలం నుంచి పుట్టిన ఫ్రెంచి మాటకు నేటికీ 'ప్రస్తుతం' అనే అర్థం. ఇంగ్లీషులో మాత్రం అది 'నిజానికి' వైపు జరిగింది. 'అసలు' అనే చక్కని తెలుగు మాట ఉండగా ఇదెందుకన్నది దీనిమీద తరచూ వినిపించే ఫిర్యాదు. 'అసలు' ఎక్కడిదో చూస్తే ఆ ఫిర్యాదు నిలవదు.

'అసలు' అరబ్బీ 'అస్ల్'. వేరు, మూలం అని దాని అర్థం. సి.పి. బ్రౌన్ 1852 నాటి తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో దీన్ని హిందూస్తానీ మాటగానే గుర్తించాడు. ఇలాంటి మాటలు తెలుగులోకి వచ్చిన ఒక దారి నిజాం రాజ్యంలో కనిపిస్తుంది. అక్కడ అమరచింత సంస్థానానికి కేంద్రమైన ఆత్మకూరు, దాని ఇరుగుపొరుగైన గద్వాల, వనపర్తి సంస్థానాలు తెలుగు పండితులను పోషించాయి. వాటిపైనున్న నిజాం సర్కారు వ్యవహారమేమో మొదట పారసీలో, 1884 నుంచి ఉర్దూలో సాగింది. అలాంటి చోట ఉర్దూ మాటలు నాటుకోవడం సహజం. అయితే కోస్తాలోనూ 'అసలు' ఇంటిమాటే కాబట్టి, సర్కారు కాగితం ఒక్కటే దీనికి కారణం కాదు. అప్పు లెక్కల్లో వడ్డీకి ఎదురుగా నిలిచే సొమ్ముకు ఇదే పేరు. 'అసలు కంటే వడ్డీ ముద్దు', 'అసలుకే ఎసరు' అనేవారెవరూ పరాయి మాట పలుకుతున్నామని అనుకోరు. ఇక 'నిజం' కూడా సంస్కృతంలో 'తనదైన' అని చెప్పే మాటే. తెలుగులో అది సత్యమైంది.

అవి శతాబ్దాల మీద ఇమిడినవి, ఇంగ్లీషు మాత్రం బడి చదువుతో ఒక్కసారిగా ముంచెత్తిందని అనవచ్చు. ఉధృతి విషయంలో అది ఒప్పుకోవలసిందే. కానీ సడన్‌గా, సీరియస్‌గా, జనరల్‌గా అన్న మాటలు చూడండి: తెలుగు ఇంగ్లీషు ప్రత్యయాన్ని తీసేసి తన 'గా'ను తగిలించింది. 'యాక్చువల్‌గా' కూడా ఆ దారిలోనే వినిపిస్తోంది. పైగా ఇది 'అసలు' పనిని లాక్కోలేదు. 'అసలు రాలేదు' అంటే ఎంతమాత్రం రాలేదని. 'యాక్చువల్లీ రాలేదు' అంటే మీరు వచ్చారనుకుంటున్నారు గానీ రాలేదని. చోటు పోగొట్టుకుంటున్నది 'నిజానికి' అనే మాట. సవరించే పనిని అది పూర్తిగా చేయగలదు, అందుకే రాతలో దాన్నే వాడడం మేలు. నిఘంటుకారులు మాత్రం, బ్రౌన్ 'అసలు'ను చేర్చినట్టే, 'యాక్చువల్‌గా'ను మూలం చూపి చేర్చాలి.