పదునెనిమిదవ యేట ఓటు

గ్రంథాలయమునకు వచ్చు పాఠకులలో విద్యార్థులు పెక్కురు. వారిలో పదునెనిమిదేండ్లు నిండినవారికి నేడు ఓటుహక్కు కలదు. ఈ హక్కు 1989లో లభించినది. అంతకుముందు ఆ వయస్సువారు దేశసేవ చేయలేదా యనిన, చేసిరి. ఓటు లేకయే చేసిరి. అందులకు నిదర్శనము కొడవలూరునకు చేరువనే కలదు.

విడవలూరు ప్రాంతమందలి అలగానిపాడున 1913 మే 1వ తేదీన జన్మించిన పుచ్చలపల్లి సుందరయ్య 1930 నాటికి మద్రాసులో కళాశాల విద్యార్థి. ఉప్పు సత్యాగ్రహ దినములలో ఆయన చదువు విడిచి ఉద్యమమున చేరి నిర్బంధింపబడెను. అప్పటికి ఆయన వయస్సు పదునేడేండ్లు. చెరసాలకు పంపుటకు ఆ వయస్సు చాలినది. ఓటిచ్చుటకు మాత్రము చాలలేదు. పిమ్మట ఆయన స్వగ్రామమునకు వచ్చి వ్యవసాయ కూలీలను సంఘటితపరచెను.

ఆ కాలమున వయస్సు వచ్చినవారికి సయితము అందరికిని ఓటు లేదు. 1919, 1935 నాటి చట్టములు ఆస్తి, పన్ను, చదువు మొదలగు అర్హతలను విధించినవి. కావున పొలమున నాట్లువేయు కూలీలలో అత్యధికులకు ఆ భాగ్యము లేకుండెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ఈ అడ్డుగోడలను కూల్చెను. 326వ అధికరణము ప్రకారము ఇరువదియొక యేండ్లు నిండిన స్త్రీపురుషులెల్లరు ఓటర్లైరి. 1951-52 ఎన్నికలనాటికి జాబితాలలో సుమారు 17 కోట్ల మంది యుండిరి. అయినను, ముఖ్యముగా ఉత్తరాదిని, తమ పేరు చెప్పక ఫలానావారి భార్యననియో, కుమార్తెననియో చెప్పిన దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాల కెక్కలేదు. హక్కు కలిగియుండుట వేరు, జాబితాలో పేరుండుట వేరు అని దేశము ఆనాడే తెలిసికొనెను.

ఇరువదియొక యేండ్ల నియమము ఇంగ్లండు సంప్రదాయమును అనుసరించినది. ఆ ఇంగ్లండే 1969లో దానిని పదునెనిమిదికి తగ్గించెను. పదునెనిమిదేండ్ల కుఱ్ఱవానిని వియత్నాం యుద్ధమునకు పంపుచు ఓటు నిరాకరించుట న్యాయమా యన్న ప్రశ్న అమెరికాలో చెలరేగగా, 1971లో అచ్చటను రాజ్యాంగము సవరింపబడెను. భారతదేశమున 61వ రాజ్యాంగ సవరణను పార్లమెంటు 1988 డిసెంబరులో ఆమోదించెను. అది 1989 మార్చి 28న అమలులోనికి వచ్చెను. ఆ సంవత్సరము నవంబరులో లోకసభకును, ఆంధ్రప్రదేశ్ శాసనసభకును జరిగిన ఎన్నికలలో ఇరువదియొక యేండ్లు నిండని యువతీయువకులు తొలిసారి ఓటువేసిరి.

చట్టము వయస్సును తగ్గించినది. జాబితాలో చేరవలసిన బాధ్యత మాత్రము యువకులదే. పూర్వము జనవరి 1వ తేదీ యొక్కటే ప్రమాణము. జనవరి 2న పదునెనిమిది నిండినవాడు ఏడాది వేచియుండవలసి వచ్చెడిది. 2022 నుండి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు మాసముల మొదటి తేదీలు నాలుగును ప్రమాణములైనవి. పదునేడేండ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. నెల్లూరులోనో, మద్రాసులోనో వసతిగృహమున చదువుకొను విద్యార్థి అచ్చటనైనను, స్వగ్రామమునందైనను నమోదు కావచ్చును, రెండుచోట్ల కాదు. ఈ సంగతి తెలియక ఎచ్చటను పేరులేక మిగులు విద్యార్థులు ఉన్నారు.

పఠనమందిరమున వార్తాపత్రిక చదివి పాలకుల తప్పొప్పులు చర్చించు యువకుడు, తన పేరు జాబితాలో నున్నదో లేదో ఒక్కసారి చూచుకొనవలెను. పదునేడేండ్ల వయస్సున చెరసాలకేగిన అలగానిపాటి విద్యార్థికి లేని హక్కు అది. దానిని అలక్ష్యముచే పోగొట్టుకొనుట తగదు.