పటానికెక్కని తాళ్ళు



అమరకోశంలో ఓడకొయ్యకు 'కూపకము' అన్న పేరుతో పాటు 'గుణవృక్షకము' అని మరొక పేరు ఉన్నది. బడిలో ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు గుణమంటే మంచిగుణం కాబోలు అనుకునేవారు. ఇక్కడ గుణమంటే తాడు. వింటినారిని గుణమనడం కూడా ఈ అర్థంలోనే. తాళ్ళు కట్టిన చెట్టు గనుక గుణవృక్షకం. ఆ పేరు పెట్టినవారి కంటికి ఓడకొయ్యలో ప్రధానంగా కనిపించినవి తాళ్ళేనన్నమాట. చిత్రమేమంటే, పాత ఓడల పటాలలో అన్నిటికంటె తక్కువగా కనిపించేవి కూడా ఆ తాళ్ళే. తెరచాపల కాలపు యుద్ధనౌకకు నమూనా చేయబూనినవారికి ఎదురయ్యే పెద్ద చిక్కు ఇది. ఓడ ఆకారానికి పటం దొరుకుతుంది, తాళ్ళ అమరికకు దొరకదు. ఈ టపా ఆ చిక్కును గురించి.

ఉదాహరణకు 'ట్రింకోమలీ' అనే నౌకను తీసుకుందాం. నేడు ఇంగ్లండులోని హార్ట్‌లిపూల్‌లో నీటిమీద తేలుతున్న ఈ ఓడ పుట్టినిల్లు మన బొంబాయి. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఇంగ్లండులో ఓక్ కలప కొరవడింది. అందుచేత దీనిని బొంబాయిలో టేకుతో కట్టించాలని 1812లో బ్రిటిషు నౌకాదళం నిశ్చయించింది. నిర్మాత పార్సీల వాడియా వంశానికి చెందిన జంషెడ్జీ బొమన్జీ. రూపకల్పనకు మూలం మాత్రం ఫ్రెంచివారిది. సానె అనే ఫ్రెంచి నౌకాశిల్పి రూపొందించిన 'ఎబె' నౌకను 1782లో బ్రిటిషువారు పట్టుకొని, దాని కొలతలు తీసి, ఆ అచ్చులోనే వరుసగా నౌకలు కట్టుకున్నారు. బొంబాయికి పటాలను 'జావా' అనే నౌకలో పంపారు. 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరం దగ్గర అమెరికావారి 'కాన్‌స్టిట్యూషన్' ఆ జావాను ఓడించింది, తరువాత దానిని తగులబెట్టారు. ఓడతో పాటు పటాలూ పోయాయి. మళ్ళీ ప్రతులు రావలసి వచ్చింది. చివరకు 1817 అక్టోబరు 12న ట్రింకోమలీ నీటిలోకి దిగింది.

పటాలు లేకపోతే ఓడ లేదు. అంతటి విలువైన పటాలలో ఉండేదేమిటి? నాటి బ్రిటిషు నౌకాదళపు పటాలు సాధారణంగా అడుగుకు పావు అంగుళం చొప్పున, అనగా అసలులో 48వ వంతుగా గీసేవారు. ఓడను పక్కనుంచి, ఎదుటినుంచి, పైనుంచి చూస్తే ఎట్లుంటుందో అందులో తెలుస్తుంది. తాళ్ళు ఉండవు. కారణం సులభమే. ఓడ దేహాన్ని కట్టే వడ్రంగి వేరు, కొయ్యలు చెక్కేవాడు వేరు, తెరచాపలు కుట్టేవాడు వేరు, తాళ్ళు బిగించేవాడు వేరు. ఏ తాడు ఎక్కడ మొదలై ఏ కప్పీగుండా వచ్చి ఎక్కడ ముడిపడాలో ఆ చివరివాని చేతికి తెలుసు. తెలిసినదానిని గీసుకోవలసిన అక్కర అతనికి లేదు. ట్రింకోమలీ అటువంటి చేతులు బిగించిన తాళ్ళతోనే ఆఫ్రికా కొస చుట్టి 1819 ఏప్రిల్ 30న పోర్ట్స్‌మత్ చేరింది. జనుపనార తాడు కొన్నేళ్ళకు అరిగి పోతుంది. కట్టించినవారి పేరు నిలిచింది, కొయ్యెక్కి ముడివేసినవారి పనితనం ఆ తాళ్ళతోనే పోయింది.

మరి నమూనా చేసేవారు ఎక్కడ వెతకాలి? ముందుగా నాటి పుస్తకాలలో. నౌకాగ్రంథాల ప్రచురణకర్త డేవిడ్ స్టీల్ 1794లో రెండు సంపుటాలు వెలువరించాడు. ఏ తరగతి ఓడకు ఏ తాడు ఎంత లావు, ఎంత పొడవు, ఎన్ని కప్పీలు అన్నది అందులో పట్టికలుగా ఉన్నది. డార్సీ లివర్ 1808లో కుర్ర నావికాధికారుల కోసం వ్రాసిన పుస్తకంలో తాళ్ళు బిగించే వరుస బొమ్మలతో సహా ఉన్నది. పాఠాలు చెప్పి బ్రతికినవాణ్ణి గనుక ఇక్కడ నాకొకటి తోస్తున్నది. తెలిసినవారు తమలో తాము ఏమీ వ్రాసుకోలేదు. తెలియని పిల్లవాడు ఎదుట నిలిచినప్పుడే ఆ విద్య కాగితం మీదికి వచ్చింది.

పట్టికలకు తోడు లెక్కలున్నవి. ఓడ కొలతలనుబట్టి కొయ్య పొడవు, పొడవునుబట్టి లావు. పెద్ద యుద్ధనౌకలలో నడిమి కొయ్యకు గజానికి అంగుళం చొప్పున వ్యాసం ఉండేది. ఆ వ్యాసంలో సగమెంతో, కొయ్యను ముందువైపుకు బిగబట్టే తాడు చుట్టుకొలత అంత. మిగిలిన తాళ్ళను దానికి ఇన్నోవంతని లెక్కకట్టవచ్చు. జేమ్స్ లీస్ 1979లో ప్రచురించిన గ్రంథం ఈ సూత్రాలన్నిటినీ ఒకచోట చేర్చింది. ఒక సంగతి మరువరాదు. తాడు కొలత అంటే చుట్టుకొలత, వ్యాసం కాదు. 9 అంగుళాల తాడంటే సుమారు 73 మిల్లీమీటర్ల వ్యాసం, 48వ వంతు నమూనాలో ఒకటిన్నర మిల్లీమీటరు దారం. తొమ్మిదిని వ్యాసమనుకుంటే బొమ్మ ఓడకు మూడింతల లావు మోకులు పడతాయి!

పుస్తకం దొరికినా మరొక ప్రశ్న మిగులుతుంది: ఏ యేటి ఓడ? ట్రింకోమలీనే చూడండి. 1845లో దాని వెనుకభాగం మార్చి, ఫిరంగుల సంఖ్య తగ్గించి, వేరొక తరగతిలో చేర్చారు. 1817 నాటి నమూనా చేసేవారు తరువాతి ఓడను చూచి తాళ్ళు కడితే కాలం తప్పుతుంది. పాత నమూనాలను నమ్ముదామంటే, చాలావాటి తాళ్ళు మధ్యలో ఎవరో మార్చినవే. నెపోలియన్ యుద్ధాలలో ఇంగ్లండులో బందీలైన ఫ్రెంచివారు ఎముకలతో చెక్కిన ఓడలు కంటికి ఇంపుగా ఉంటాయి, కొలతలకు మాత్రం అన్నివేళలా నిలువవు. నెల్సన్ నౌక 'విక్టరీ'కి కూడా ఈ పరీక్ష తప్పలేదు. 1922లో దానిని పోర్ట్స్‌మత్ డ్రై డాక్‌లోకి చేర్చి, 1805 నాటి రూపానికి తేవడానికి పూనుకున్నారు, 1928కి ఆ పని ఒక కొలిక్కి వచ్చింది. ట్రఫాల్గర్‌లో తాళ్ళు లాగినవారిలో అప్పటికి ఒక్కడూ లేడు.

స్వీడన్ నౌక 'వాసా' కథ దీనికి తలక్రిందులు. 1628 ఆగస్టు 10న మొదటి ప్రయాణంలోనే స్టాక్‌హోమ్ రేవులో మునిగింది, 1961 ఏప్రిల్ 24న పైకి తీశారు. దానికి నిర్మాణ పటాలు లేవు. కాని పది తెరచాపలలో ఆరు, వాటితో పాటు తాళ్ళ ముక్కలు, కప్పీలు దొరికాయి. గీయని పటాన్ని చల్లని బురద మూడువందల ముప్ఫై ఏళ్ళు దాచిపెట్టింది. అటువంటి అదృష్టం అన్ని ఓడలకూ ఉండదు.

మన సంగతి చూద్దాం. కోరమండల్ తీరాన దొరికిన శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉన్నది. రెండు కొయ్యలని లెక్కపెట్టవచ్చు, కాని ఆ నాణెం చూచి తాళ్ళు కట్టలేము. గోదావరి ముఖాన కోరంగిలో 18, 19 శతాబ్దాలలో ఓడలు కట్టేవారు. ఆ పనివారు ఒక్కొక్క తాటికి ఒక్కొక్క పేరు పెట్టుకొని ఉంటారు గదా!

కొయ్యలను నిలబెట్టే తాళ్ళను 'నిలుపుతాళ్ళు' అని, తెరచాపలను నడిపే తాళ్ళను 'ఆడుతాళ్ళు' అని నా మటుకు నేను వ్రాసుకుంటున్నాను. ఇవి బల్లముందు కూర్చొని అల్లిన మాటలు. సముద్రం మీద పుట్టిన మాటలు వీటికంటె మేలైనవి ఉండితీరాలి. మీలో తీరప్రాంతం వారుంటే, తెరచాప ఎత్తిన పెద్దలు మీ ఊరిలో ఇంకా ఉంటే, ఒక్క పూట వారి దగ్గర కూర్చొని ఏ తాడును ఏమంటారో అడిగి వ్రాసుకోండి. చేతనైతే బొమ్మ కూడా గీయండి. 'ఇది అందరికీ తెలిసినదే గదా' అని వారు నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆ మాట విన్నప్పుడే తప్పక వ్రాసుకోవాలి. దొరికిన మాటలను వ్యాఖ్యలలో తెలియజేస్తే అందరం కలిసి ఒక పట్టిక కూర్చుకుందాం.