ఫిరంగుల కెప్టెన్ చేతిలో కెమెరా

సికింద్రాబాద్ కంటోన్మెంటు రోడ్ల మీద తిరిగేవాళ్లకు ‘ఫోటోలు తీయరాదు’ అన్న బోర్డులు కొత్త కాదు. మిలటరీ ప్రాంతం కాబట్టి ఆ కట్టడి తప్పదు. తమాషా ఏమిటంటే, ఈ ఊరి ఫోటోలను తొలినాళ్లలోనే పుస్తకంగా అచ్చుకెక్కించినవాడు కూడా మిలటరీ మనిషే. పేరు అలన్ ఎన్. స్కాట్. మద్రాసు ఆర్టిలరీలో కెప్టెన్. ఉద్యోగం ఫిరంగులతో, సరదా కెమెరాతో.

ఆయన హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో తీసిన ఫోటోలతో 1862లో లండన్‌లో ‘స్కెచెస్ ఇన్ ఇండియా’ అన్న పుస్తకం వెలువడింది. వేసినవాడు లవెల్ రీవ్. గవ్వలు, నత్తగుల్లల శాస్త్రంలో పేరున్న మనిషి, స్టీరియో ఫోటోలతో పుస్తకాలు వేయడంలో అందరికన్నా ముందున్నవాడు. సంపాదకుడు రాయల్ సొసైటీ చరిత్ర రాసిన చార్లెస్ రిచర్డ్ వెల్డ్. ఇంతమంది పెద్దలు చేయి వేసిన పుస్తకం టైటిల్ పేజీలోనే హైదరాబాద్, సికింద్రాబాద్‌లను మద్రాసు ప్రెసిడెన్సీలో కలిపేశారు. నిజాం గారి కంటబడితే ఏమనేవారో!

స్టీరియో అంటే ఒకే దృశ్యాన్ని కాస్త పక్కపక్కగా రెండుసార్లు పట్టడం. రెండు బొమ్మలనూ అద్దాల పెట్టెలో పెట్టి చూస్తే లోతు కనిపిస్తుంది. లండన్‌లో కుర్చీ కదలకుండా దక్కన్ చూసి రావచ్చన్నమాట. దొరల కంటికి ఇక్కడి కట్టడాలు ఎంత వింతో మనుషులూ అంతే వింత. ఆ చూపును ఈరోజు తప్పుపట్టవచ్చు. కానీ ఆనాటి తలపాగాలు, అంగరఖాలు, నిలబడే తీరు మనకు దక్కిందీ ఆ చూపు వల్లే.

ఆ రోజుల్లో ఫోటో తీయడం ఎంత యాతనో ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రావణం పోసి, పలకను అటూ ఇటూ వంచుతూ సమంగా పరచాలి. చీకట్లో వెండి లవణపు నీళ్లలో ముంచాలి. ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీయాలి, ఆరకముందే కడగాలి. మొత్తం చేతిలో ఉన్నది పది నిమిషాలు, అటూ ఇటుగా. కొలోడియన్‌లో ఈథర్ ఉంటుంది, అది ఇట్టే ఆవిరైపోతుంది. దక్కన్ ఎండలో ఆ పది నిమిషాలు కూడా దక్కేవి కావు. ఎక్కడికి వెళ్లినా చీకటి డేరా, సీసాలు, నీళ్ల కుండలు, మోసే మనుషులు వెంట ఉండాల్సిందే. అందుకే ఆనాటి అమెచ్యూర్లలో సైనికాధికారులు, డాక్టర్లు, ఇంజనీర్లే ఎక్కువ. జీతమూ తీరికా నౌకర్లూ మూడూ ఉన్నది వాళ్లకే. 1854లో బొంబాయిలో, 1856లో కలకత్తా, మద్రాసులలో పుట్టిన ఫోటోగ్రఫీ సొసైటీలను నడిపిందీ చాలావరకు ఇలాంటివాళ్లే.

ఆ ఇంజనీర్ల కోవ నుంచే వచ్చాడు లాలా దీన్ దయాళ్. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టాడు. రూర్కీ థామ్సన్ కాలేజీలో చదివి, 1866లో ఇందోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. కెమెరా పట్టింది 1874లో. సర్కారు జీతం తీసుకుంటూనే మధ్య భారతంలోని గుళ్లనూ కోటలనూ ఫోటో తీస్తూ చేయి తిరిగినవాడయ్యాడు. గీతలు గీసే ఉద్యోగం ఊరికే పోలేదు. ఆయన ఫోటోలో స్తంభం వంగదు, గోడ వాలదు. చెయ్యి తిరిగిన స్టూడియోవాళ్లు కూడా కట్టడాల దగ్గర తడబడేది అక్కడే.

ఉద్యోగం వదిలేసి 1886 ప్రాంతంలో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు. అక్కడితో అమెచ్యూర్ దశ ముగిసింది. 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టాడు. దాని బాధ్యత కెనీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళది. 1894లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా నియమించుకుని, రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్ బిరుదు ఇచ్చాడు. 1902లో నెక్కొండ అడవుల్లో వేటాడిన పులితో వైస్రాయ్ కర్జన్ దంపతులు దిగిన ప్రఖ్యాత ఫోటో ఆయన స్టూడియోదే. 1905లో చనిపోయాడు. ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం దగ్గర ఉన్నాయి.

దర్బార్లు, వేటలు, నవాబుల కొలువులు దీన్ దయాళ్ పట్టాడు. డబ్బిచ్చేవాళ్లున్నారు కాబట్టి పట్టాడు. మోండా మార్కెట్‌లో కూరల బుట్టకో, ఇరానీ హోటల్ గల్లాపెట్టెకో డబ్బిచ్చి ఫోటో తీయించేవాడు ఎవడుంటాడు? వాటి చరిత్ర పూర్తిగా సరదా కెమెరాల దయ.

సరదా కెమెరా ఒక్కోసారి ఎంత దూరం తీసుకెళ్తుందో సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఇంకో ఉదాహరణ ఉంది. శ్యామ్ బెనెగల్ అక్కడే 1934లో పుట్టారు. తండ్రి శ్రీధర్ బెనెగల్ ఫోటోగ్రాఫర్. ఆయన ఇచ్చిన కెమెరాతో కుర్రాడు పన్నెండేళ్లకే మొదటి సినిమా తీశాడు. తర్వాత నిజాం కాలేజీ, హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ. 1974లో ‘అంకుర్’తో తెలంగాణ పల్లెనే తెరకెక్కించారు.

మధ్యతరగతి ఇళ్లలోకి కెమెరా రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. వచ్చినప్పుడు ఎక్కువగా వచ్చింది అగ్ఫా క్లిక్ త్రీ. నల్ల డబ్బా, రీలుకు పన్నెండు చదరపు ఫోటోలు. వెనక చిన్న ఎర్ర కిటికీ ఉండేది. మీట తిప్పుతుంటే అందులోంచి అంకె కనబడేది. అంకె సరిగ్గా మధ్యకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టాలి. లేదంటే ఫోటో మీద ఫోటో పడుతుంది. పన్నెండే కాబట్టి పొదుపు. పదకొండు పెళ్లికో పుట్టెంట్రుకలకో పోగా, రీలు కడిగించడానికి వెళ్తూ మిగిలిన ఒక్కటీ దారిలో ఏది కనబడితే దాని మీద నొక్కేవాళ్లు. సికింద్రాబాద్‌లో ఆ ‘ఏది కనబడితే అది’ తరచూ గడియార స్తంభమే అయ్యేది.

120 అడుగుల ఎత్తు. 1897లో ప్రారంభమైంది. గడియారం దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ రాంగోపాల్ విరాళం. ఒకప్పుడు ఏ మూల నిలబడినా ఫ్రేములో నిండుగా పట్టేది. ఇప్పుడు హోర్డింగులు, కరెంటు తీగలు తప్పించి తీయాలంటే తెల్లవారుజామునే పార్కులోకి వెళ్లాలి. ఆదివారం ఉదయాలు కెమెరాలు వేలాడేసుకుని అక్కడ తిరిగేవాళ్లు అలా తీగలతో తగవు పెట్టుకున్నవాళ్లే.

స్తంభం ఉంది కాబట్టి ఫోటో ఈరోజు కాకపోతే రేపు. సంగీత్ థియేటర్ సంగతి అలా కాదు, 2008లో నేలమట్టమైంది. రైల్వే స్టేషనూ అంతే. వాడి జంక్షన్ నుంచి నిజాం సొమ్ముతో వేసిన లైను 1874లో ఇక్కడికి చేరింది. దాదాపు 720 కోట్ల రూపాయలతో కొత్త స్టేషనుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. ఆర్చీలున్న పాత ముఖభాగాన్ని 2025 మొదట్లో కూల్చారు. ఆ ఆర్చీల ముందు పెట్టె పక్కన పెట్టుకుని, ఆటో కోసం చూస్తూ దిగిన ఫోటోలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో!

చిక్కల్లా తేదీతోనే. ఆల్బమ్‌లో ఫోటో ఉంటుంది, వెనక ఏమీ రాసి ఉండదు. అప్పుడు ఫోటోలోని సామానే సాక్ష్యం. జూపార్కుకు వెళ్లే 7జడ్ డబుల్ డెక్కర్ బస్సు కనిపిస్తే 2000ల మొదటికన్నా ముందరిది. గోడ మీది సినిమా పోస్టరు చదవగలిగితే ఏడాది కాదు, నెల కూడా తేలుతుంది. అన్నిటికన్నా నికరం బండి నంబరు. సికింద్రాబాద్ సంఖ్య 10. ఆ 10 ముందు టీఎస్ ఉంటే 2014 తర్వాతది, టీజీ ఉంటే 2024 మార్చి తర్వాతది. టీజీ పలక ఉన్న ఆటో, దాని వెనక పాత ఆర్చీలు ఒకే ఫ్రేములో ఎవరి ఫోన్‌లోనైనా ఉంటే, అది తీసింది ఏడాదికి కాస్త అటూ ఇటూగా ఉన్న ఆ ఒక్క సందులోనే.