భయానికి వైద్యం

మాఘమాసం దాటేసరికి ఎనుమాముల మార్కెట్టు యార్డు మిరపబస్తాలతో ఎర్రబారుతుంది. సరకు తెచ్చిన రైతు కుటుంబాలలో, పనిలో పనిగా పిల్లవానిని వరంగల్లు ఆసుపత్రిలో చూపించుకొని పోయేవారూ ఉంటారు. సూది కనబడగానే పసివాడు కేకలు పెడతాడు. తల్లి "అదిగో కాకి" అని కిటికీవైపు చూపుతుంది. ఆ క్షణంలో సూది దిగిపోతుంది. ఆమె ఇది ఏ గ్రంథంలోనూ చదువుకొన్నది కాదు. వైద్యశాస్త్రం మాత్రం ఇక్కడికి చేరటానికి దాదాపు నూటయాభై యేళ్ళు నడిచింది. ఆ దారిలో ఒక మజిలీ మన హైదరాబాదు.

1847 నవంబరులో ఎడింబరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారం మత్తును లోకానికి చాటాడు. అంతకు కొంచెం ముందువరకు శస్త్రచికిత్స అంటే నలుగురు అదిమి పట్టుకోవటం, రోగి ఆక్రోశించటం. కాని మూడు నెలలు తిరగకుండానే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో న్యూకాసిల్ సమీపాన హానా గ్రీనర్ అనే 15 ఏళ్ళ బాలిక కాలిగోరు తీయించుకోబోయి, క్లోరోఫారం పీల్చిన కొద్ది నిమిషాలలోనే మరణించింది. ముందునుంచీ ఆ పిల్ల బెంగతో కుమిలిందనీ, కుర్చీలో కూర్చుంటూ వెక్కివెక్కి ఏడ్చిందనీ నాటి వైద్యుని కథనం. ప్రాణం తీసినది ఊపిరి ఆగటమా, గుండె ఆగటమా అని పెద్దలు దశాబ్దాలు తగవులాడారు. ఆ తగవులో ఏడుపు మరుగున పడిపోయింది.

నలభై యేళ్ళకు తగవు మూసీ ఒడ్డుకు వచ్చింది. హైదరాబాదు రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ, ఎడింబరో సంప్రదాయంలో చదువుకొన్నవాడు, నాడితో పనిలేదు, శ్వాసను కనిపెట్టి ఉంటే చాలునని బోధించేవాడు. 1888లో ఒక సంఘాన్ని నియమించి కుక్కలపై పరీక్షలు చేయించారు. లండనులోని లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలను ఒప్పుకోలేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు ఇచ్చి, పత్రిక పక్షాన ఒక పండితుని పంపమన్నాడు. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చాడు. గుండెకే ప్రమాదమని నమ్మి వచ్చినవాడు, పరీక్షలు చూచి లారీ పక్షం చేరాడు. ప్రపంచంలో తొలి మహిళా మత్తువైద్యురాలని పేరుపొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ హైదరాబాదు వైద్యపాఠశాలలోనే చదువుకొన్నది.

1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై పరీక్షలు చేసి ఈ నిర్ణయాన్ని కదిలించాడు. క్లోరోఫారం మత్తు పలుచగా ఉన్న దశలో అడ్రినలిన్ రక్తంలో చేరితే గుండె లయతప్పి గిలగిల కొట్టుకొని ఆగిపోతుంది. భయపడిన ప్రాణికి ఆ అడ్రినలిన్‌ను బయటినుంచి ఎక్కించనక్కరలేదు, దేహమే వదులుతుంది. లారీని ఇప్పుడు తప్పుపట్టటం సులువు. శ్వాసను కనిపెట్టమన్న ఆయన మాట ఈనాటికీ చెల్లుతుంది. నాడిని వదిలేయమన్నదే చెల్లలేదు.

క్లోరోఫారం కాలం గడిచిపోయింది. అయినా కాలిన గాయానికి కట్టు మార్చేటప్పుడు మెలకువతో ఉన్న పిల్లవాడు ఏమి కావాలి? అమెరికాలో సియాటిల్‌లో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ పాటర్సన్ అనే ఆచార్యులు 1996 నుంచి ఈ చిక్కునే పట్టుకొన్నారు. కళ్ళను మూసివేసే పెట్టెవంటి అద్దాలలో ఒక కల్పిత లోకం. తల తిప్పితే ఆ లోకమూ తిరుగుతుంది. వర్చువల్ రియాలిటీ అంటున్నది దీనినే. వారు కల్పించిన ఒక లోకం మంచులోయ. రోగి అందులో తేలిపోతూ మంచుబొమ్మలపై మంచుముద్దలు విసురుతాడు. మనసుకు ఒకేసారి పట్టే సంగతులు కొన్నే గనుక, నొప్పికి చోటు తగ్గుతుంది. 2000లో వెలువడిన తొలి నివేదికలో కాలిన గాయాలున్న ఇద్దరు కుర్రవాళ్ళకు, మామూలు వీడియో ఆటలోకంటె వర్చువల్ రియాలిటీలో నొప్పి చాలా తక్కువగా తెలిసింది.

మనవాళ్ళూ ఊరుకోలేదు. పెద్దలకే గాని, 2017లో గుంటూరులో "బాహుబలి", 2022లో సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో చిరంజీవి "అడవిదొంగ" చూపుతూ, రోగి మెలకువతో ఉండగానే మెదడుకు శస్త్రచికిత్స చేశారు.

2020లో కాక్రేన్ సంస్థ పిల్లలపై జరిగిన పరిశోధనలను కూడగట్టి చూచి, రుజువులు ఇంకా బలహీనమనే తేల్చింది. కొందరికి ఆ అద్దాలతో తల తిరుగుతుంది. ముఖం కాలినవారికి అవి పెట్టటం కష్టం. చీకటి పెట్టెలో ముఖం దూర్చటానికే జంకే పసివాళ్ళున్నారు. వాళ్ళను ముందుగా బుజ్జగించి ఒప్పించే పని తల్లిమీదనో నర్సుమీదనో పడుతున్నది.