ఫలక్‌నుమా చేరని రైలు

జేబీఎస్ నుంచి వచ్చిన మెట్రో రైలుకు ఎంజీబీఎస్‌లో దారి అయిపోతుంది. పక్కనే మూసీ. ఆవల 1591 నాటి చార్మినార్, హైదరాబాదుకు పుట్టిల్లు. పుట్టింటి గడప దాకా వచ్చి లోపల అడుగుపెట్టకుండానే తిరిగిపోయే ఆడపడుచులా, ఆ రైలు రోజంతా వెనక్కి మళ్ళుతూనే ఉంటుంది.

అది చేరవలసింది ఫలక్‌నుమా. మిగిలింది అయిదున్నర కిలోమీటర్లు. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, శాలిబండ, శంషేర్‌గంజ్, జంగమ్మెట్, ఫలక్‌నుమా అని స్టేషన్లకు పేర్లూ పెట్టారు. బిడ్డ కడుపున పడకముందే నామకరణం జరిగిపోయింది.

2008లో పని సత్యం అధినేత కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థ చేతికి వెళ్ళింది. సత్యం కుంభకోణం బయటపడ్డాక 2009లో ఆ ఒప్పందం రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీతో కొత్త ఒప్పందం కుదిరింది. మూడు కారిడార్లు, సుమారు 72 కిలోమీటర్లు. అందులో ఈ పాతబస్తీ మార్గమూ ఉంది. 2017 నవంబరు 28న ప్రధాని మోదీ మెట్రోను ప్రారంభించారు. 2020 ఫిబ్రవరి 7న ముఖ్యమంత్రి కేసీఆర్ జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గానికి జెండా ఊపారు. మొదటి దశ 69 కిలోమీటర్ల దగ్గర ముగిసింది. పాతబస్తీ దాని బయటే ఉండిపోయింది.

దారిలో మసీదులు, గుళ్ళు, ఆషుర్‌ఖానాలు ఉన్నాయి, రోడ్డు ఇరుకు అన్నారు. మార్గం మార్చాలని మజ్లిస్ పార్టీ పట్టుబట్టింది. అడ్డంకులు నిజమే. సుల్తాన్ బజార్‌లోనూ వ్యాపారులు ఏళ్ళ తరబడి ఎదురుతిరిగారు. అయినా అక్కడ స్తంభాలు లేచాయి, రైలు నడుస్తోంది. పాతబస్తీకి వచ్చేసరికి కరువైంది పట్టుదలే.

2008 తర్వాత నాలుగుసార్లు శాసనసభ ఎన్నికలు జరిగాయి. ముఖ్యమంత్రులు మారారు. రాష్ట్రమే మారింది. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశారు. 2025 జనవరిలో పరిహారం చెక్కులు పంచారు, ఇళ్ళూ దుకాణాలూ కూలడం మొదలైంది. తాతలనాటి గోడలు తమవంతు ముందే ఇచ్చేశాయి. ఇక ఇవ్వవలసింది ప్రభుత్వమే.

శిలాఫలకం మీద రాయి వేసినవారి పేరుంటుంది, వేసిన తేదీ ఉంటుంది. పూర్తిచేసే తేదీ మాత్రం ఉండదు. మాట తప్పడానికి చోటు దొరుకుతున్నది సరిగ్గా అక్కడే. ఓటు అడగడానికి గల్లీలోకి వచ్చిన ప్రతి నాయకుణ్ణీ, ఏ పార్టీవాడైనా సరే, నిలబెట్టి ఆ తేదీ అడగాలి. ఆ తేదీ దాటిపోయిందా, మళ్ళీ వచ్చినప్పుడు ముందు దానికి జవాబు చెప్పమనాలి. అలా అడగకుండా ఊరుకున్న మన మౌనానికీ ఈ ఆలస్యంలో పాలుంది.

రాత్రి ఆఖరి రైలు దిగినవాళ్ళు అలసిన కాళ్ళతో రోడ్డు మీదికి వస్తారు. "శాలిబండ, ఫలక్‌నుమా" అంటూ ఆటోవాలా కేకేస్తాడు. ఆ స్టేషన్ల పేర్లను ఇన్నేళ్ళుగా పిలుస్తున్న గొంతు అదొక్కటే.