పెరటిలో తేయాకు చెట్టు: సిరొంచ ఎండకు నిలిచేనా?

తెల్లవారగానే పొయ్యిమీద చాయ మరగని ఇల్లు సిరొంచ ప్రాంతంలో అరుదు. ఆ ఆకునిచ్చే చెట్టును చూసినవారు మాత్రం తక్కువ. తేయాకు శాస్త్రీయ నామం కామెల్లియా సైనెన్సిస్. ఇందులో చైనా, అస్సాం అని రెండు ప్రధాన రకాలున్నాయి. చైనా రకం చిన్న ఆకుల పొద, చలిని ఓర్చుకుంటుంది. అస్సాం రకం పెద్ద ఆకుల వృక్షం. కత్తిరించకుండా వదిలితే 10 మీటర్లకు మించి ఎదుగుతుంది. ఆంగ్లేయులు తోటలు వేయకముందే అస్సాంలోని సింగ్‌ఫో ప్రజలు ఈ ఆకును పానీయంగా వాడేవారు. వెచ్చని నేలకు ఈ రకమే కొంత అనుకూలం.

నేల: తేయాకుకు ఆమ్లగుణం గల నేల కావాలి. ఉదజని సూచిక 4.5 నుండి 5.5 వరకు ఉండటం మేలు. సున్నం పాలు ఎక్కువగా గల నల్లరేగడిలో ఆకులు పసుపుబారి మొక్క క్షీణిస్తుంది. కాబట్టి ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన ఆకుఎరువు కలిపి పెద్ద కుండీలో నాటడం ఉత్తమం. పొయ్యి బూడిదను ఇతర మొక్కలకు వేసినట్లు దీనికి వేయరాదు. బూడిద క్షారగుణం కలది.

నీరు, నీడ: వేరు దగ్గర తడి ఆరరాదు, నీరు నిలువరాదు. బోరునీటిలో సున్నం ఉంటే పట్టి ఉంచిన వాననీరు మేలు. 35 డిగ్రీలు దాటితే ఎదుగుదల మందగిస్తుంది. సిరొంచలో మే నెల ఎండ 45 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. మొక్క చనిపోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ. అందుచేత ఉదయపు ఎండ మాత్రమే తగిలే తూర్పు వైపున, మామిడి లేదా అవిసె నీడలో ఉంచి, మొదట్లో ఎండుగడ్డి కప్పాలి. నాటడానికి జూన్, జూలై నెలలు తగినవి.

కోత: మొక్కను నడుము ఎత్తుకు మించనీయక కత్తిరిస్తే కొత్త చిగుళ్లు వస్తాయి. మూడవ ఏడు నుండి ఒక మొగ్గ, రెండు లేత ఆకులు చొప్పున కోయవచ్చు. వాటిని నీడలో రాత్రంతా వాడ్చి, అరచేతుల మధ్య నలిపి, తడిగుడ్డ కప్పి రెండు మూడు గంటలు ఉంచితే రాగిరంగు వస్తుంది. తరువాత సన్నని సెగపై ఆరబెడితే పాలచాయకు తగిన పత్తి సిద్ధం.

ఫలితం: నాలుగైదు కిలోల పచ్చి ఆకుకు కిలో పత్తి వస్తుంది. పెద్ద తోటలలో సైతం ఒక పొద ఏడాదికి సుమారు 150 నుండి 200 గ్రాములే ఇస్తుంది. రెండు మొక్కలతో ఇంటి పత్తి ఖర్చు తప్పదు. అరకు కొండలపై కాఫీ పండటానికి అక్కడి ఎత్తు, చల్లదనం తోడ్పడుతున్నాయి. గోదావరి, ప్రాణహితల తీరాన ఆ వసతి లేదు. కనుక ఆదాయం ఆశించి ఎకరాలలో నాటడం నష్టహేతువు. మొదట రెండు మొక్కలతో రెండు వేసవులు గడిపి చూడటమే వివేకం.

జాగ్రత్త: ఇంటి ఆకులోనూ కెఫీన్ ఉంటుంది. భోజనంతోపాటు చాయ తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. రక్తహీనత గలవారు, గర్భిణులు భోజనానికి గంట ఎడంగా, మితంగా సేవించాలి. పిల్లలకు ఇవ్వకపోవడమే మంచిది.